తొమ్మిదో రోజున కొత్త గిటారు

కృపావరం మాస్టారిని ఏదైనా అడిగితే జవాబు చెప్పరు, చేతికి ఏదో ఒక పని అప్పగిస్తారు. ఆయన దగ్గర గిటారు నేర్చుకునే మా నలుగురికీ ఇది అనుభవమే. చేరిన కొత్తలో నేను, "మాస్టారూ, ఈ వయసులో నాకు సంగీతం అబ్బుతుందంటారా?" అని అడిగాను. ఆయన ఓ పాత చొక్కా గుడ్డ ఇచ్చి గోడకి తగిలించిన మూడు గిటార్లూ తుడవమన్నారు. తుడిచాను. నెల్లాళ్లు తుడిచేసరికి తీగ ఎక్కడ తుప్పు పడుతుందో, చెక్క ఎక్కడ చెమ్మగిలుతుందో వేళ్లకి తెలిసింది గాని, ఆ ప్రశ్న మళ్లీ అడగాలని అనిపించలేదు.

ముప్పై ఆరేళ్లు తపాలా ఆఫీసులో ముద్రలు కొట్టి రిటైరైన చేతులు నావి. సాయంత్రం నేను గిటారు సంచి భుజాన వేసుకుంటే మా ఆవిడ, "ముసలోడికి దసరా పండగ" అని వీధికి వినబడేలా అంటుంది. అననీ అని నా దారిన నేను పోతాను.

మాస్టారి ఇల్లు కాకినాడ జగన్నాథపురంలో, ఉప్పుటేటికి దగ్గరగా ఉన్న సందులో. వయసులో ఉండగా తాళ్లరేవులో చెక్కపడవలు కట్టిన వడ్రంగి ఆయన. గిటారు చర్చిలో నేర్చుకున్నారు. పడవల పని తగ్గాక ఈ పాఠాలు పెట్టుకున్నారు. ఇప్పుడు డెబ్బై దాటాయి. ఎవరైనా కొత్త గిటారు కొంటే ముందు ఆయనకు చూపించి తీరాలి. ఆయన చూసే పద్ధతి పెళ్లిచూపుల్లో పెద్దలు చూసే పద్ధతి కాదు, వైద్యుడు నాడి చూసే పద్ధతి.

ఇక హైమావతి. మా పక్కింటి అమ్మాయి, నన్ను బాబాయిగారూ అంటుంది. నలభయ్యోపడిలో ఉంది. రొయ్యల్ని విదేశాలకు పంపే కంపెనీలో సరుకు తనిఖీ చేసే ఉద్యోగం. ఆమె వేలు అడ్డంగా ఊగిందంటే బుట్టలకు బుట్టలు వెనక్కి పోవాల్సిందే. భర్త ప్రభాకరం ఓడరేవులో ఓడల్ని లాగే టగ్గు పడవ మీద పనిచేస్తాడు, నెలలో సగం రోజులు నీళ్ల మీదే. నాలుగేళ్ల కిందట ఆమెకు ఏడో నెలలో కడుపులోని బిడ్డ పోయింది. అప్పటికే ఊయల కొనుక్కుంది, పేరు కూడా అనుకుంది. "ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం" అని ఎవరో బంధువు నోరు జారడం, ఆ మాట ఆమె చెవిన పడడం కూడా జరిగాయి. అలాంటి నోళ్లకు తాళం వేసే మనిషి ఇంకా పుట్టలేదు. ఆ తరవాత హైమ ఏ వస్తువునీ ముందుగా నాది అనడం మానేసింది.

నెలన్నర కిందట ఆ ఇంటికి ఒక పాప వచ్చింది. పేరు నాగమణి, ఆరేళ్లుంటాయి. పిఠాపురం అవతల ఏదో పల్లెలో పుట్టి, ఎవరూ లేక బాలసదనంలో పెరిగింది. దత్తతకి దరఖాస్తు పెట్టుకున్న వీళ్లకి ఆ పాపను చూపించారు. అయితే కాగితం పూర్తయ్యేదాకా పెంపకానికి ఇచ్చినట్టే. కొన్నాళ్లు చూసుకుని, కొనసాగిస్తామనో లేదనో అధికారి వచ్చినప్పుడు చెప్పాలి. అలా చెప్పవలసిన సోమవారం దగ్గర పడుతోంది. హైమ డ్యూటీలో ఉన్నప్పుడు పాప మా ఇంట్లోనే ఉండేది. కనుక ఇందులో నాకు తెలియని సంగతి తక్కువ.

పిల్ల ఒకరోజు హైమ కొంగు పట్టుకు తిరిగేది, మర్నాడు పిలిచినా పలికేది కాదు. పెట్టింది తినకుండా, తలగడ కింద ఇడ్లీలు దాచేది. తనకో అన్న ఉన్నాడని ఓసారి, లేడని ఓసారి చెప్పేది. అన్నిటికంటే ముఖ్యం, హైమని ఆంటీ అని పిలిచేది. దిద్దవచ్చు కదమ్మా అని మా ఆవిడ ఉండబట్టలేక అంది. "అమ్మా అని అలవాటు చేశాక రేపు ఏదైనా తేడా వస్తే దానికే కష్టం పిన్నిగారూ. అన్నీ తేలాకే," అంది హైమ. బడిలో చేర్చడం కూడా అన్నీ తేలాకే. పిల్లని గట్టిగా కోప్పడేది కాదు, గట్టిగా దగ్గరికి తీసుకునేదీ కాదు. చుట్టాల పిల్లని చూసుకున్నంత మర్యాదగా చూసుకునేది. చెడ్డ మనిషి కాదు హైమ. మజ్జిగని కూడా ఊదుకుని తాగుతోంది, అంతే.

ఆ రోజుల్లోనే ఆమె సొంతానికి ఓ గిటారు తెప్పించుకుంది. ఆరు నెలలుగా మాస్టారి గిటారు మీదే నేర్చుకుంటోంది. నచ్చకపోతే పది రోజుల్లో వెనక్కి పంపే సదుపాయంతో పార్సెల్ వచ్చింది. మర్నాడు శనివారం పాఠానికి వచ్చి, పాఠం అయ్యాక అడిగింది.

"మాస్టారూ, నిన్న గిటారు వచ్చిందండి. శ్రుతి చేస్తే పావుగంట నిలవట్లేదు. పది రోజుల గడువుంది. అసలు ఒకటి మనకి కుదురుతుందో కుదరదో తేలాలంటే ఎన్నాళ్లు చూడాలండి?"

పాఠానికి వచ్చిన మిగతా శిష్యులిద్దరూ గిటారు గురించే అనుకున్నారు. ఆ ప్రశ్న రెండో సగం గిటారుది కాదని నాకు తెలుసు. మాస్టారికి ఎలా తెలిసిందో తెలియదు. ఆయన కళ్లజోడు తుడుచుకుని, "వచ్చే శనివారం గిటారు తీసుకురండి. అమ్మాయిని కూడా తీసుకురండి," అన్నారు.

"అప్పటికి తొమ్మిదో రోజు అయిపోతుంది మాస్టారూ."

"ఇంకో రోజు మిగులుతుంది కదండి," అన్నారాయన.

శనివారం నాలుగున్నరకి ముగ్గురం కలిసే వెళ్లాం. మిగిలిన శిష్యులిద్దరూ ఆ వారం రాలేదు. పాప దారి పొడవునా నా వేలు పట్టుకుని నడిచింది. ఇంకో చెయ్యి ఖాళీగానే ఉంది. హైమ రెండు చేతులా గిటారు సంచి ఎత్తి పట్టుకుని మా వెనకాల వస్తోంది.

మాస్టారు వరండాలో చాప పరిపించి, సంచిని ఎండ తగలని మూల పెట్టించారు. వెంటనే తీయనివ్వలేదు. బయటి వేడిలోంచి వచ్చిన చెక్కకి కాస్త ఊపిరి తిప్పుకునే వ్యవధి ఇవ్వాలన్నారు. మాకు మజ్జిగ ఇచ్చారు. పాపకి బిస్కట్లు ఇస్తే ఒకటి తిని రెండు గౌను జేబులో వేసుకుంది. హైమ నా వైపు, 'చూశారా' అన్నట్టు చూసింది. మాస్టారు కూడా చూశారు. చూసి, లోపలికి వెళ్లి ఇంకో రెండు తెచ్చి పాప చేతిలో పెట్టి, "ఆ జేబుకి కూడా," అన్నారు.

అప్పుడు గిటారు తీశారు. ముందు మెడ చివర కంటికి ఆనించి, పలక వంకర చూసే వడ్రంగిలా పొడవునా చూశారు. మెడ తిన్నగా ఉంది. మెడ మీద అడ్డంగా ఉండే లోహపు మెట్ల అంచుల వెంట బొటనవేలు నడిపారు, ఎక్కడా గీరుకోలేదు. తీగలు కట్టిన బ్రిడ్జి కింద పలచటి కాగితం ముక్క దూర్చి చూశారు, దూరలేదు. పై పలకను వేలి కణుపుతో అక్కడక్కడ కొట్టి, చెవి ఆనించి విన్నారు. ఊడిన పట్టీ ఏదీ లోపల గడగడమనలేదు. చివరికి రంధ్రం దగ్గర ముక్కు పెట్టి గట్టిగా వాసన పీల్చారు. దీనికి పాప నవ్వింది. నెలన్నరలో ఆ పిల్ల నవ్వడం నేను రెండోసారి చూశాను.

"ఏం వాసనండి తాతగారూ?" అంది.

"నువ్వే చూడు."

పాప ముక్కు పెట్టి చూసి, "కొత్త బెంచీ వాసన," అంది.

"అదే. బూజు వాసన రాకపోతే మంచిదే." ఆయన ఇంకా వెతుకుతూనే ఉన్నారు. చిన్న టార్చి వేసి లోపల చూస్తే ఒక మూల బియ్యపు గింజంత జిగురు చుక్క గడ్డకట్టి కనబడింది. హైమకి చూపించారు. ఆమె ముఖం మారింది. తొమ్మిది రోజులుగా వెతుకుతున్నది దొరికిన మనిషి ముఖం అది. నేనూ ఆఫీసులో చిరిగిన కవరు దొరికినప్పుడు అలాగే చూసేవాణ్ణి, తప్పు నాది కాదని రుజువైనందుకు.

"లోపమే కదండీ మాస్టారూ?"

"లోపమేనండి," అన్నారాయన, టార్చి ఆర్పేస్తూ. "నేను కట్టిన ఏ పడవా అది లేకుండా నీళ్లలోకి దిగలేదు. సరే, ఇంట్లో దీన్ని ఎలా చూసుకుంటున్నారో చెప్పండి."

హైమ నిటారుగా కూర్చుని చెప్పింది. ఈ భాగం ఆమెకు కంఠతా వచ్చు. తలనూనె చేతులతో ముట్టుకోదు. వాయించిన ప్రతిసారీ మెత్తటి గుడ్డతో చెమట తుడుస్తుంది. ఉప్పుగాలి తగలకుండా కిటికీకి దూరంగా, లోపలి గోడ దగ్గర పెడుతుంది. చెమ్మ పీల్చే గుళికల పొట్లాలు సంచిలో రెండు వేసింది, పదిహేను రోజులకోసారి మార్చాలని గోడ క్యాలెండరు మీద గుర్తు పెట్టింది. నేను మనసులో శభాష్ అనుకున్నాను. నా గిటారు సంచిలో చెమ్మ పీల్చేది ఏదైనా ఉందంటే అది నా పాత చేతిరుమాలే.

"ఇంకా?" అన్నారు మాస్టారు.

"వాయించడం అయ్యాక ఆరు తీగలూ బాగా వదులు చేసేస్తానండి. రోజూ. బిగించి ఉంచితే మెడ లాగేస్తుంది కదా. రేపు వెనక్కి పంపాల్సి వస్తే అలాగే కొత్తగా ఉండాలి."

మాస్టారు ఆరు తీగలూ నెమ్మదిగా బిగించి శ్రుతి చేశారు. చేసి గిటారుని పాప ఒళ్లో అడ్డంగా పడుకోబెట్టారు. "ఒక్కొక్క తీగా నెమ్మదిగా మీటి, విని గుర్తుపెట్టుకో," అన్నారు. పాప మీటింది. బుల్లి బుల్లి వేళ్లు, కాని భయపడలేదు. "ఇదే మాట ఇది మళ్లీ పలుకుతుందో లేదో నువ్వే చెప్పాలి," అని, నన్ను పాఠం మొదలుపెట్టమన్నారు.

నేను వాయించినదాని గురించి ఇక్కడ చెప్పడం అనవసరం. పావుగంట గడిచాక ఆయన చెయ్యి ఎత్తారు. పాప మళ్లీ ఆరు తీగలూ మీటింది.

"దిగిపోయిందండి," అంది. "ఈ సన్నది బాగా దిగిపోయింది."

నాకు కూడా తెలిసింది, అంతగా దిగింది. హైమ, "చెప్పానా మాస్టారూ. తొమ్మిది రోజులుగా ఇదే వరస," అంది. ఆమె గొంతులో అలసట వినబడింది. అది గిటారు వల్ల వచ్చిన అలసట కాదు.

మాస్టారు మళ్లీ శ్రుతి చేసి పాప ఒళ్లో పెట్టారు. ఈసారి హైమ చేత పాత గిటారు మీద వాయింపజేశారు. ఇంకో పావుగంటకి పాప మీటి చూసి, "దిగింది. ఇందాకటంత కాదు," అంది. మూడోసారి శ్రుతి చేశారు. ఉప్పుటేటి మీద పడవలు తిరిగివచ్చే వేళయింది, ఇంజన్ల చప్పుడు వినబడుతోంది. అది తగ్గేదాకా ఆగి పాప నాలుగోసారి మీటింది. తల ఓ పక్కకి వాల్చి చాలాసేపు వింది.

"కొంచెమే," అంది. తరవాత నిజం దాచకూడదన్నట్టు, "కాని దిగింది," అంది.

"దిగుతుంది," అన్నారు మాస్టారు. హైమ వైపు చూడకుండానే చెప్పారు. "కొత్త పడవని నీళ్లలోకి దింపిన రోజున నీరు ఎక్కుతుందండి. వారం రోజులు తోడి పోసుకుంటాం. చెక్క నాని ఉబ్బి అతుకులు అవే మూసుకుంటాయి. నీరెక్కిందని గట్టుకి లాగి ఎండబెట్టామా, ఎన్నిసార్లు దింపినా అది కొత్త పడవే."

హైమ తెలివైనది, అందులో తనకు సంబంధించిన ముక్క ఎక్కడుందో పట్టుకోగలదు. పట్టుకోగలగడం వేరు, ఒప్పుకోవడం వేరు. చాప అంచులోంచి ఓ పోచ లాగుతూ కూర్చుంది.

మాస్టారు గిటారుని తన ఒళ్లోకి తీసుకున్నారు. రంధ్రం పక్కన, మీటేటప్పుడు గోళ్లు తగిలి గీతలు పడకుండా నల్లటి రేకు ఒకటి అతికించి ఉంటుంది. దాని మీద సన్నని ప్లాస్టిక్ పొర ఇంకా ఉంది. కొత్త వస్తువు మీది పొర తీయకపోవడం మన ఇళ్లలో మామూలే. సోఫా చిరిగేదాకా దాని కవరు ఉంటుంది, స్కూటరు తుప్పు పట్టేదాకా సీటుకి తొడుగు ఉంటుంది. మా ఇంట్లో టీవీ రిమోటు ప్లాస్టిక్ సంచిలోనే ప్రాణం విడిచింది. మాస్టారు ఆ పొర మూల గోటితో లేపబోయారు.

"వద్దు మాస్టారూ!" అంది హైమ. చెయ్యి చాపి ఆపేసింది కూడా. "అది తీస్తే ఇంక వెనక్కి తీసుకోరండి."

మాస్టారు గోరు వెనక్కి తీసుకున్నారు. అప్పుడు పాప మాట్లాడింది. ఎవరితోనో ప్రత్యేకంగా కాదు, తెలిసిన సంగతి ఒకటి చెబుతున్నట్టు చెప్పింది.

"నా పరుపుకీ ఉందండి ఆ కాయితం. అదీ తియ్యలేదు. అటూ ఇటూ తిరిగితే సప్పుడు సేత్తది. అందుకే నేను కదలకుండా పడుకుంటాను."

చెప్పేసి జేబులోంచి బిస్కట్టు తీసి కొరికింది.

నేను చాలా ఏళ్లు బతికాను. తంతి వార్తలు పట్టుకెళ్లి చేతికిచ్చాను, కూలబడ్డవాళ్లని చూశాను. ఆరేళ్ల పిల్ల నిద్రలో కూడా కదలకుండా పడుకోవడం నేర్చుకుందన్న మాట విన్నప్పుడు, నాకు సిగ్గు వేసింది. ఆ పరుపు వచ్చిన రోజున హైమతో కలిసి లోపలికి మోసినవాణ్ణి నేనే. కవరు ఉండనీ బాబాయిగారూ అంటే, ఉండనీ అన్నదీ నేనే.

హైమ ముఖం వైపు నేను చూడలేదు. మాస్టారు చూశారో లేదో తెలియదు. ఆయన గిటారు పై పలక మీద లేని దుమ్ము తుడుస్తున్నారు. కొంతసేపటికి హైమ చెయ్యి చాపింది. గిటారు తీసుకుని ఒళ్లో పెట్టుకుంది. గోటితో పొర మూల లేపడానికి చూసింది. రెండుసార్లూ జారిపోయింది.

"నాగమణీ," అంది. "నీ గోళ్లు చిన్నవి. ఇలా రా."

పాప వచ్చింది. ఒకసారి గిటారునీ ఒకసారి హైమ ముఖాన్నీ చూసింది. "తీస్తే ఎనక్కి తీసుకోరంట కదా?" అంది. ఆ పిల్ల అడిగింది దేని గురించో, ఆ వరండాలో ఉన్న ముగ్గురు పెద్దవాళ్లకీ తెలుసు.

"తీసుకోరు," అంది హైమ. "అందుకే తియ్యమంటున్నా." గిటారుని పాప వైపు జరిపి, "ఇంటికెళ్లాక నీ పరుపుది కూడా తీసేద్దాం. పెద్దది కదా, ఇద్దరం చెరోవైపూ లాగాలి," అంది.

పాప నమ్మవచ్చా అన్నట్టు నా వైపు చూసింది, నేను తల ఊపాను. అప్పుడు రెండు వేళ్లతో మూల పట్టుకుని లాగింది. పొర సాగి సాగి, చిన్న చప్పుడుతో మొత్తంగా ఊడి వచ్చింది. దాన్ని వెలుగుకి పెట్టి చూసి, మడిచి, బిస్కట్లు ఉన్న జేబులో పెట్టుకుంది. ఈసారి దాన్ని దాచుకోవడం అని హైమ అనుకోలేదు. పిల్ల భుజం మీద చెయ్యి వేసింది, తియ్యలేదు.

ఇందులో అద్భుతం ఏదీ జరగలేదని చదివేవారికి మనవి. పాప వెంటనే అమ్మా అనలేదు. ఇంటికి బయలుదేరేటప్పుడు, చెప్పులు వేసుకోమంటే వినిపించుకోక మూడుసార్లు పిలిపించుకుంది. నాలుగోసారి హైమ గట్టిగా కోప్పడింది. నెలన్నరలో అదే మొదటిసారి కోప్పడడం. పిల్ల మూతి ముడుచుకుంది గాని వచ్చి చెప్పులు వేసుకుంది. నేను ఎందుకో తేలికపడ్డాను.

హైమ గిటారుని సంచిలో పెట్టబోతూ అలవాటు కొద్దీ తీగలు బిగించే కీల మీదికి చెయ్యి పోనిచ్చింది. మొదటి తీగ కీ పట్టుకుని అర చుట్టు తిప్పబోయి ఆగింది. గడప దగ్గర నిలబడిన మాస్టారి వైపు చూసింది. సోమవారం దగ్గరకొచ్చిన మనిషికి ఇంకా ఎంత భయం మిగిలి ఉంటుందో అంతా ఆమె కళ్లలో ఉంది.

"రేపు మళ్లీ దిగిపోతే, మాస్టారూ?"

"దిగుతుందండి," అన్నారు కృపావరం మాస్టారు. "మళ్లీ బిగించుకోండి. వదులు మాత్రం చెయ్యకండి."